పసుపు రంగు స్పార్కు

కాజీపేటలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శామ్యూల్ గారి ఇంటి ముంగిలి. శనివారం ఉదయం పదకొండుంబావు. ముప్పై ఎనిమిదేళ్ల మోటారుసైకిలు, దానిముందు మెకానిక్ రాజమల్లు, గుమ్మంలో శామ్యూల్ గారి అర్ధాంగి రెబెకా గారు.

“మళ్లీ కొట్టు, రాజమల్లూ.”

“ఇరువై ఏడు కిక్కులైనయి సార్. బండి మీదైనా కాలు నాది.”

“ఇరవై ఆరు. నేను రాసుకుంటున్నాను. స్పార్కు ఏ రంగులో కనిపించింది?”

“పసుపు రంగే.”

“పసుపా, నారింజా? ‘సుమారుగా’ అన్న మాట శాస్త్రంలో చెల్లదు.”

“నీలం గాదు సార్, గంతే. నీలంగ టప్పుమని దుంకాలె. ఇదేమో మీ క్లాసుల నేను జవాబు చెప్పినట్టు వస్తాంది, ఉందా లేదా అన్నట్టు.”

“నీ జవాబులు అసలు వచ్చేవే కావు. దీనికి కనీసం రంగైనా ఉంది.”

“ఏమండి, నెక్కొండ పాత ఇనుపసామాన్ల ఆయన ఫోన్ చేసిండు. ఇక్కడ రైలు దిగిండట. ట్రాలీ ఆటో మాట్లాడుకొని వస్తాండట.”

“పన్నెండుకు ముందు అతడు గేటులోపల అడుగు పెట్టరాదని చెప్పు, రెబెకా. ఈరోజు పన్నెండులోగా బండి స్టార్టు కాకపోతే పాత ఇనుముకు ఇచ్చివేస్తానని చర్చి సంఘ పెద్దల ఎదుట మాట ఇచ్చాను. పన్నెండు అంటే పన్నెండే.”

“నేనేమన్న తొందర పెట్టిన్నా? గేటు రెండు రెక్కలు తీసి పెట్టిన, అంతే.”

“రెండు రెక్కలెందుకమ్మా?”

“గాలికి.”

“సార్, ఒకవేళ పన్నెండైనా లేవకపోతే?”

“ఇరవై రెండేళ్లు రఘునాథపల్లి బడికి ఒక్కరోజైనా ఆలస్యం కాకుండా నన్ను చేర్చిన బండి ఇది. దీనిని ముక్కలు చేయడానికి పంపడం నావల్ల కాదు. కాని మాట మాటే.”

“లేటు కాలే సార్, నాకు తెల్సు. మేం పదిసార్లు గాలి తీసినం గని, మీరు నడిపించుకుంటనే టైముకు వచ్చిన్రు.”

“ఏమన్నావు? ఆ పదిసార్లూ మీరేనా?”

“కాయిలు సంగతి చూద్దాం సార్.”

“...క్రమపద్ధతిలో చెప్పు. ఒకటి, ప్లగ్గు?”

“కొత్తది ఏసిన. పసుపే.”

“రెండు, కాయిలు?”

“నా బండిది పీకి పెట్టిన. అయినా పసుపే. ఇప్పుడు నా బండి గూడ పండుకున్నది.”

“మూడు, కండెన్సరు?”

“మార్చిన. పసుపే.”

“అయితే దోషం నీ కంటిలో ఉంది. ప్లగ్గు ఇటు ఇవ్వు. తువ్వాలు కప్పుకొని చీకటిలో నేనే పరిశీలిస్తాను. కిక్కు కొట్టు.”

“సార్, ఇనుము మీద చెయ్యి పెట్టకున్రి—”

“నాకు బోధిస్తున్నావా?”

“గట్ల పట్టుకుంటె షాకు—”

“కొట్టమన్నాను!”

“కొట్టిన.”

“ఓరి నాయనో!”

“ఏమైందండి? ఏంది ఆ కేక?”

“కేక కాదు. పరిశీలన ముగిసింది.”

“తువ్వాల గోడ అవతల పడ్డది సార్.”

“తరువాత తెచ్చుకుందాం. పుస్తకంలో ‘బలహీనమైన స్పార్కు’ అని రాశాను. ‘బలహీనమైన’ అన్న విశేషణాన్ని ప్రస్తుతానికి కొట్టివేస్తున్నాను.”

“జర కూసోన్రి సార్.”

“అవసరం లేదు. పని కానివ్వు.”

“ఇగ మిగిలింది పాయింటే. ఇగో, ఈ రెండు బిళ్లలు కలిసి విడిపోతేనే స్పార్కు పుడ్తది. మంగళవారం నేను రుద్ది సాపు చేసిన్నా? అప్పుడు పది కిక్కులకైన లేచింది. మూత బిగిస్త అంటె మీరే వద్దన్నరు.”

“నా పరిశీలన పూర్తి కానిదే బిగించరాదన్నాను. నాలుగు రోజులుగా దాని బొమ్మ గీస్తున్నాను.”

“ఓ సార్! ఇదేంది, తడితడిగ ఉన్నది? నూనె! బిళ్లల నడుమ నూనె!”

“అనుకున్నాను! సీలు చినిగి ఇంజను నూనె ఇటు కారుతోంది. ఐదవ పుటలో ఈ అనుమానాన్ని ముందే—”

“ఇంజన్ నూనె నల్లగ ఉంటది సార్. ఇది బంగారం లెక్క మెరుస్తాంది. వాసన చూడున్రి, కమ్మగ వస్తాంది.”

“...వేడికి శుద్ధి అయి ఉండవచ్చు.”

“ఛాయ్ తాగుతవా రాజమల్లూ? అల్లం ఏసి పెడ్త.”

“ఇప్పుడే తాగిన గదమ్మా.”

“ఇంకోటి తాగు. ఎండ మస్తున్నది.”

“ఆగు, రెబెకా. ఈ వాసన నాకు పరిచయమే. ఎక్కడో... నా నుదుట...”

“మీకు జ్వరమొచ్చినప్పుడు రాసిన గద. ఒలీవ నూనె. పాస్టరమ్మ ప్రార్థించి ఇచ్చింది.”

“అది జ్వరానికి. బండిలోకి ఎట్లా వచ్చింది?”

“ఒక చుక్క ఏసిన.”

“చుక్కనా అమ్మా? పోపు పెట్టినట్టున్నది!”

“పొద్దుగాల ఒక చుక్క, మాపటికి ఒక చుక్క. నువ్వే గద రాజమల్లూ, బండికి గుండెకాయ ఇదే అన్నవ్? మనిషికైతె నుదుట రాస్తం. దీనికి నుదురేది? అందుకే గుండె మీద పోసి, ప్రార్థన చేసిన.”

“నాలుగు రోజులా? అంటే ఎనిమిది పర్యాయాలు!”

“నిన్న మాపు మర్చిపోయిన. ఏడు.”

“రాజమల్లూ, గడియారం చూడు!”

“పదకొండు యాభై రెండు సార్.”

“పెట్రోలు పోసి తుడువు!”

“గుడ్డ లేదు. మీ తువ్వాలేమో గోడ అవతల—”

“నా జేబురుమాలు తీసుకో! కానివ్వు!”

“ఏమండి, ట్రాలీ ఆటో వచ్చింది. ఎక్కిచ్చుటానికి ఇద్దరు మనుషులను గూడ తెచ్చుకున్నడు.”

“ఇంకా ఐదు నిమిషాలున్నాయి! గేటు బయట నిలవమను!”

“సార్, ఇటు చూడున్రి. కొడ్తాన... టప్! నీలం సార్, నీలం!”

“ఆకాశ నీలమా, సిరా నీలమా?”

“ప్లగ్గు బిగించనియ్యున్రి సార్! ఇగో... లేచింది! ఒక్క కిక్కుకే లేచింది!”

“పదకొండు యాభై ఎనిమిది! నమోదు చేస్తున్నాను. అయ్యా నెక్కొండ వారూ, శ్రమ తీసుకున్నారు. ఇక దయచేయవచ్చు!”

“ఛాయ్ అన్న తాగి పొమ్మందామండి, పాపం.”

“తాగి వెళ్లమను. కాని ఒక్క మాట, రెబెకా. నీ విశ్వాసమంటే నాకు గౌరవమే. అయినా ఇది ఒప్పుకోక తప్పదు. నీవు నాలుగు రోజులు ప్రార్థించావు, బండి కదలలేదు. రాజమల్లు ఐదు నిమిషాలు తుడిచాడు, నడిచింది.”

“బండి నడువాలె అని నేనెప్పుడు ప్రార్థన చేసిన?”

“మరి?”

“ముప్పై ఎనిమిదేండ్ల సంది ఎక్కుడు మీరు, ఎనుకనుంచి నూకుడు నేను. ఇగ నాతోని గాదు ప్రభువా, దీన్ని ఆపు అని అడిగిన. నాలుగు రోజులు మంచిగనే ఆలకించిండు. నడుమల ఈ రాజమల్లే వచ్చి తుడిచేసిండు!”