పసుపు గీత

రేకుల షెడ్డు. మధ్యాహ్నం రెండున్నర. ఇనప స్టాండు మీద కొత్తగా కట్టిన రేసు ఇంజను ఇరవై నిమిషాలు తిరిగి ఇప్పుడే ఆగింది. దగ్గర ఇద్దరే ఉన్నారు. దాన్ని కట్టిన ముసలాయన, ఆయన పెద్దకోడలు.

“ఆ చప్పుడు మీకు వినపడలేదా మావయ్యా?”

“ఏ చప్పుడు?”

“ఆపే ముందు. ఎక్సలేటర్ వదలగానే, లోపల్నించి ఎవరో తలుపు కొట్టినట్టు.”

“కొత్త పిస్టన్లమ్మా. కొత్త చెప్పులు కిర్రుమనవూ? నాలుగడుగులు నడిస్తే అవే సర్దుకుంటాయి.”

“పిస్టన్లయితే చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని, వేడెక్కాక ఊరుకోవాలి. ఇది వేడెక్కాకే మొదలైంది.”

“నాకే పాఠమా. ఈ చెవులేంటనుకున్నావు? కొండకి అవతల పక్క లారీ ఎక్కుతుంటే, ఇవతల మంచం మీద పడుకుని, రెండో సిలిండర్లో వాల్వు కాలింది, ఐదో మలుపులో ఆగిపోతుంది అన్నాను. ఆగిపోయింది.”

“మొన్న మూడో మలుపన్నారు.”

“కొండ పెరిగిందిలే.”

“మావయ్యా, నవ్వులాటకి అడగట్లేదు. నాలుగింటికి మీ చిన్నబ్బాయి ట్రాలీ వేసుకొస్తాడు. ఇంజన్ తీసుకెళ్ళి బండిలో దించేసి, ఆదివారం పందెంలో దాని ముందు కూర్చుంటాడు.”

“కూర్చోనీ. వాడి నాన్న కట్టిన ఇంజన్. వాడు కాకపోతే ఎవరు కూర్చుంటారు?”

“ఆయిల్ ప్రెషర్ చూశారా?”

“మీటరు ముసలిది. నాలాగే, నోటికొచ్చింది చెప్తుంది.”

“మీటరు నేనే మార్చాను, ఊరెళ్ళేముందు. చల్లగా ఉన్నప్పుడు అరవై చూపించింది. ఇప్పుడు పద్దెనిమిది.”

“ఆయిలు పల్చనదేమో.”

“డబ్బా అదిగో. మనమెప్పుడూ పోసేదే.”

“అయితే ఆయిల్ పంపు లోపమేమో.”

“పంపు కూడా నేనే బిగించాను. అయితే నా తప్పే అనుకుందాం. అడుగున ఆయిలు చాంబరు విప్పి చూద్దాం.”

“మళ్ళీ అదే మాట. పొద్దున బస్సు దిగావు, సంచి కింద పెట్టలేదు, విప్పుదాం మావయ్యా అన్నావు. ఇంజన్ ఇంకా ఒక్క చుట్టు తిరగలేదు. అప్పటికే నీకేం అనుమానం?”

“అనుమానమేం లేదు.”

“ఆపరేషనయ్యాక మీ అమ్మ కన్ను ఎలా ఉంది?”

“బానే ఉంది. మాట మార్చకండి. రబ్బరు గ్లౌజులు వేసుకోండి, మళ్ళీ స్టార్టు చేస్తాను. ఒక్కో ప్లగ్గు వైరు లాగి పెట్టండి. ఏ సిలిండరు ఆగితే చప్పుడు మారుతుందో చూద్దాం.”

“షాకు కొట్టి పోతే?”

“మీకు షాకు కొడితే కరెంటే పోతుంది. పట్టుకోండి.”

“అబ్బో, కోడలికి నోరొచ్చింది. కానీ. ఒకటి లాగాను.”

“అలాగే కొట్టుకుంటోంది. పెట్టెయ్యండి.”

“రెండు.”

“అలాగే ఉంది.”

“మూడు. ఏమంటావు? గట్టిగా చెప్పు, వినపడట్లా.”

“నేనేమీ అనలేదు. సగం చప్పుడు ఆగిపోయింది.”

“ఫ్యాను హోరులో నీకలా అనిపించిందేమో.”

“నాలుగు లాగండి.”

“మూడు తెలిసిందిగా, మళ్ళీ నాలుగెందుకు?”

“లాగండి మావయ్యా.”

“లాగాను.”

“మిగతా సగమూ తగ్గింది. ఆపేస్తున్నాను.”

“అంత గబాలున ఆపక్కర్లేదు.”

“మూడూ నాలుగూ. ఒకటీ రెండూ శుభ్రంగా ఉన్నాయి. పిస్టను రాడ్డు అడుగున బేరింగు దగ్గర కొట్టుకుంటోంది మావయ్యా, పైన కాదు.”

“బేరింగులు కొత్తవి. కాయితం విప్పింది నేనే.”

“సరే. ఆ కత్తెర ఇవ్వండి, ఆయిల్ ఫిల్టరు కోస్తాను. వేలు జాగ్రత్త, వేడిగా ఉంది.”

“కొత్త ఫిల్టరు అన్యాయంగా కోస్తున్నావు.”

“చూడండి. ఈ మడతల్లో.”

“ఏముంది? ఆయిలు.”

“కళ్ళజోడు పెట్టుకుని చూడండి.”

“మెరుస్తోంది. కొత్త ఇంజన్ కదా, కాస్త ఇనప రజను రాలుతుంది. చంటిపిల్లకి పొట్టు ఊడదూ, అలాగ.”

“ఇదిగో అయస్కాంతం. ఇనుమైతే అంటుకోవాలి.”

“అంటలేదా?”

“అంటలేదు. బేరింగు పైపూత ఇది. ఇరవై నిమిషాలకే ఇంత చెక్కుకుపోయింది.”

“అమ్మాయ్.”

“ఊఁ.”

“నేను కట్టిన ఇంజన్ ఏ మగాడూ మూడు రోజులకి విప్పలేదు.”

“నేను మగాణ్ణి కాదుగా. తలుపు వేసే ఉంది, ఎవరూ చూడరు. ఆ పళ్ళెం కింద పెట్టండి, ఆయిలు వదులుతాను.”

“నీ మొండితనం మీ అమ్మది.”

“పట్టుకోండి, చాంబరు బరువు. ఆఁ, వచ్చేసింది. స్టాండు తిప్పి అడుగు పైకి పెడతాను. లైటు ఇటు.”

“ఇప్పుడు చూడు. బాగా చూడు. రాడ్డుకి రెండు చొప్పున నాలుగు రాడ్లకి ఎనిమిది బోల్టులు. ఎనిమిదింటికీ పసుపు గీత. ఇటు బోల్టు తల మీంచి అటు రాడ్డు మీదకి, చివర తోకతో సహా. ఆ తోక ఎవరిది?”

“మీదే.”

“లోకంలో ఇంకెవడి గీతకైనా అలా తోకొస్తుందా?”

“రాదు.”

“గీత కదిలిందా?”

“లేదు. గీసింది గీసినట్టే ఉంది.”

“ఈ షెడ్డులో రూలేంటి? చెప్పు, చాలా రోజులైంది విని.”

“బిగించిన చెయ్యే గీత గియ్యాలి.”

“తర్వాత?”

“గీత ఉన్న బోల్టు మీద ఇంకో చెయ్యి పడకూడదు.”

“ఎందుకని? ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యి పెడితే ఇద్దరిలో ఎవడూ బాధ్యుడు కాడు. ముప్పై ఏళ్ళు ఆ రూలు మీద బతికాం. మూసెయ్యి.”

“అందుకే నేను ముట్టుకోవట్లేదు. ఇదిగో రెంచి. మీ గీత, మీ చెయ్యి. రూలు తప్పట్లేదు.”

“ఎందుకు పెట్టాలి?”

“సరిగ్గా బిగిసుంటే బోల్టు కదలకుండానే రెంచి టిక్కుమంటుంది. ఎనిమిది టిక్కులు వినిపించండి, మూసేస్తాను. మీ చిన్నోడికి నేనే ఎత్తి ఇస్తాను.”

“ఇటు తే. పందెం కాస్తావా?”

“కాయను.”

“ఒకటి. విన్నావా?”

“విన్నాను. టిక్కుమంది.”

“రెండోది. టిక్కు. మూడోది. టిక్కు. నాలుగోది. ఇక్కడికి రెండు రాడ్లయ్యాయి. ఇంకా చూడాలా?”

“చూడాలి.”

“ఐదోది.”

“ఏమైంది?”

“రెంచి జారినట్టుంది.”

“జారలేదు.”

“తిరుగుతోంది.”

“ఆపకండి.”

“ఇంకా తిరుగుతోంది అమ్మాయ్.”

“ఎంత తిరుగుతుందో తిరగనివ్వండి.”

“పావు చుట్టు దాటింది. టిక్కు. ఇప్పుడు టిక్కుమంది.”

“ఆరోది.”

“ఇదీ అంతే. వద్దు, మిగతా రెండూ నువ్వు చూడు.”

“కూర్చోండి. ఆ డబ్బా మీద కూర్చోండి.”

“చూడు ముందు.”

“చూశాను. ఏడూ ఎనిమిదీ కూడా తిరిగాయి. చేత్తో బిగించి వదిలేసినంతే ఉన్నాయి.”

“బుధవారం.”

“ఏంటి మావయ్యా?”

“బుధవారం బిగించాను. నాలుగు బోల్టులయ్యాక రంగులతను వచ్చాడు, బండికి ఏ రంగు వెయ్యాలని. నేను కొండ కథ ఎత్తుకున్నాను.”

“ఏ మలుపు దాకా చెప్పారు?”

“ఐదు. అతను నవ్వుతూ వెళ్ళాడు. చూసుకుంటే కుంచె నా చేతిలో ఉంది. రెంచి బల్ల మీద ఉంది. గీశాను.”

“బిగించేశాననుకున్నారు.”

“అనుకోవటం కాదు. బిగించాను. నా చెయ్యికి గుర్తుంది, టిక్కులు కూడా గుర్తున్నాయి. ఇప్పటికీ ఒట్టెయ్యమంటే వేస్తాను. అదే నాకు భయంగా ఉంది.”

“కాసిని నీళ్ళు తాగండి.”

“చిన్నోడికి ఫోన్ చెయ్యి. ఇంజన్ లేదు, ఆదివారం లేదు అని చెప్పు.”

“ఎందుకంటే?”

“వాళ్ళ నాన్నకి మతి పోయిందని చెప్పు.”

“బయల్దేరేసి ఉంటాడు. వచ్చాక చెబుదాం.”

“దీంతో వెళ్ళుంటే ఎంతసేపు తిరిగేవాడు?”

“వదిలెయ్యండి.”

“పది చుట్లు. మహా అయితే పన్నెండు. బోల్టు తెగి, రాడ్డు ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికొచ్చి, ఆయిలంతా వెనక టైర్ల మీద పడి...”

“చెప్పొద్దన్నానా.”

“పెద్దోడికి అంతేగా జరిగింది.”

“మావయ్యా.”

“గేరు తప్పు వేశాడన్నాను. నాలుగులోంచి మూడుకి పోబోయి ఒకటిలో వేశాడు, దాంతో ఇంజన్ పగిలింది అన్నాను. పందెం వాళ్ళు అడిగితే అదే చెప్పాను. వాడి స్నేహితులకి అదే చెప్పాను. కొండ కథలాగే నలుగురికీ చెప్పుకున్నాను. నీకు చెప్తే నువ్వు తలూపావు.”

“ఊపాను.”

“ఆ ఇంజన్ ఎక్కడుంది?”

“ఆ మూల. టార్పాలిన్ కింద.”

“పద. విప్పుదాం.”

“ఇప్పుడెందుకు? చిన్నబ్బాయి వచ్చే వేళైంది.”

“పద అంటుంటే.”

“విప్పక్కర్లేదు.”

“ఏం, ఎందుకక్కర్లేదు?”

“విప్పాను కాబట్టి.”

“ఎప్పుడు?”

“రెండేళ్ళ కిందట. ఆయన పోయిన వారానికి. మీరు జ్వరంతో లేవలేదు కదా, అప్పుడు.”

“ఏముంది లోపల?”

“ఒక రాడ్డు పోయింది. మిగతా మూడూ ఉన్నాయి.”

“వాటికి గీతలు?”

“ఉన్నాయి.”

“తోకతో?”

“తోకతో సహా.”

“రెంచి పెట్టావా?”

“పెట్టాను.”

“చెప్పు.”

“రెండు టిక్కుమన్నాయి. మిగతావి తిరిగాయి.”

“రెండేళ్ళు.”

“కదలకండి, కళ్ళు తిరుగుతాయి.”

“ఆ తర్వాత ఏడు ఇంజన్లు కట్టాను ఈ చేతుల్తో. ఒక్కటీ పగల్లేదే. చిన్నోడు నాలుగు పందేలు గెలిచాడు వాటితో. అదెలాగ?”

“మీరు అన్నం తిన్నాక కునుకు తీస్తారు కదా.”

“తీస్తే?”

“అప్పుడు మీ గీత తుడిచి, బిగించి, మళ్ళీ గీసేదాన్ని.”

“నా తోకో?”

“నేర్చుకున్నాను. రేకు ముక్కల మీద గీసి గీసి. మొదట్లో కుదర్లేదు, మీ చెయ్యి చివర్లో కాస్త వణుకుతుంది. ఆ వణుకు పట్టుకోవటానికి నెల పట్టింది.”

“అయితే ఆ ఏడూ నావి కావు.”

“మీవే.”

“కావు. ఇదొక్కటే నాది. నువ్వు మీ అమ్మ కన్ను చూసుకోవటానికి వెళ్ళిన ఐదు రోజుల్లో కట్టిన ఇదొక్కటే నాది.”

“వచ్చేసరికి చాంబరు మూసేసి ఉంది. పొద్దున్నించీ అందుకే...”

“అందుకే విప్పుదాం విప్పుదాం అన్నావు. చెప్పకుండా. నేనే కనుక్కోవాలని.”

“చెప్పటానికి నోరు రాక.”

“నీ మొగుణ్ణి చంపినవాడికి రెండేళ్ళు అన్నం వండి పెట్టావు.”

“అలా అనకండి.”

“ఇంకెలా అనాలి? వాడిదే తప్పని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. చచ్చినవాడి మీద వేశాను. నువ్వు పక్కన నిలబడి విన్నావు. ఒక్కసారి తిట్టు అమ్మాయ్. ఏదో ఒకటి అను.”

“నాకా హక్కు లేదు.”

“నీకు లేకపోతే ఇంకెవరికుంది?”

“అదిగో, ట్రాలీ హారన్. వచ్చేశాడు.”

“రానీ. నేనే చెప్తాను. వాళ్ళన్న గేరు తప్పు వెయ్యలేదని మొదట చెప్తాను, ఇంజన్ సంగతి తర్వాత. నీకెందుకు లేదో అది చెప్పు ముందు.”

“మీ వెనకాల బిగించటం నేను మొదలుపెట్టింది కాదు మావయ్యా.”

“మరెవరు?”

“ఆయన. చివరి ఏడాదంతా.”

“పెద్దోడా? వాడికి తెలుసా?”

“తెలుసు. మీరు కునుకు తీస్తుంటే ఇక్కడే, ఈ డబ్బా మీదే కూర్చుని బిగించేవారు. నాకు తెలియదు. ఆ మూలనున్న ఇంజన్ కట్టినప్పుడు చూశాను. రెంచి పట్టుకుని ఉన్నారు. మీ నాన్న గీత మీద చెయ్యి పెడతారా, ఆయన లేచి చూస్తే బతుకుతారా అని, మిగతావి బిగించనివ్వకుండా రెంచి చేతిలోంచి లాక్కుని నేనే గోడకి తగిలించాను.”