ఈశాన్యం గోడకి నాలుగంగుళాల కన్నం

కాదు కొండలరావు గారూ, నన్ననండి, పడతాను. ఆ గొట్టాన్ని మాత్రం అనకండి. పాపం, దాని తప్పేం లేదు.

ఆగక్కర్లేదు సార్, నడుస్తూనే వినండి. ఇంటికే రావచ్చు. కానీ వస్తే మేడమ్ గారు కాఫీ ఇస్తారు. ఆ కాఫీ తాగాక మీతో గట్టిగా మాట్లాడటం నా వల్ల కాదు. అందుకే పొద్దున్నే తార్నాక నుంచి క్యాంపస్ దాకా మీ వెనకే వచ్చాను. మీ ఇంట్లో కింద పోర్షన్‌లో అద్దెకుంటున్నవాణ్ణి, మీ వెనక నడవడం నాకు అలవాటే కదా.

మా ఆవిడ సుధామయికి ఎలా ఉందనా? చెప్తాను. అక్కడికే వస్తున్నాను.

అసలు డాక్టరు ఏమన్నాడు? బాత్‌రూమ్‌లో నల్ల బూజు పడుతోంది, అది పీల్చే మీ ఆవిడకి ఈ ఆయాసం, ముందు ఆ తేమని బయటికి పంపించండి అన్నాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొన్నాను. గోడకి నాలుగంగుళాల కన్నం కొట్టిస్తానని మీ దగ్గరికొచ్చాను. మీరేమన్నారు? "శశిభూషణ్, అది ఈశాన్యం గోడయ్యా" అన్నారు.

నేను వెంటనే "అయ్యో, అవును సార్" అన్నాను. చూశారా నా తెలివి! ఈశాన్యం ఎటుందో నాకు అప్పటిదాకా తెలీదు. మీరేమో రిటైరైన ఫిజిక్స్ ప్రొఫెసరు, నేనేమో పరీక్షల విభాగంలో గుమాస్తాని. మీరో దిక్కు పేరు చెబితే చాలు, వైవాలో నిలబడ్డట్టు చెమటలు పట్టేస్తాయి.

ఇంట్లో చెబితే సుధామయి ఏమందో తెలుసా? "ఈశాన్యంలో లెట్రిన్ కట్టొచ్చు గానీ కన్నం పెట్టకూడదా?" అంది. దగ్గుతూనే అంది. ఆ మాట మీ దాకా మోసుకురాలేకపోయాను సార్.

అవునవును, మీ సిద్ధాంతి గారు చెప్పింది గుర్తుంది. అద్దెల కోసం పోర్షన్ కడితే బాత్‌రూమ్ ఈశాన్యంలో పడింది, ఆ దోషం బయటికి పొక్కకుండా గోడ మూసే ఉంచాలి. గాలి పోవాలంటే వాయవ్యం నుంచే పోవాలి. బాగుంది. కానీ బాత్‌రూమ్ ఈ చివర, వాయవ్యం ఆ చివర. మధ్యలో మా పడగ్గది, వంటిల్లు.

అదిగో, అక్కడ మొదలైంది నా గొట్టం వేట.

తార్నాకలో వంటింటి చిమ్నీ గొట్టం చూపించారు. వెండి రంగుది, లాగితే సాగుతుంది. మూతి ఆరంగుళాలు. నా ఫ్యాన్‌ది నాలుగు. లాలాపేట్‌లో వాషింగ్ మెషిన్ గొట్టం చేతిలో పెట్టారు, అందులో నా బొటనవేలు పట్టలేదు. మల్కాజ్‌గిరిలో షాపతను నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సార్, బాత్‌రూమ్ ఫ్యాన్‌కు గింత పొడుగు పైపా? పక్క గోడకు కన్నం కొడితె అయిపాయె గదా!" అన్నాడు.

"అది ఈశాన్యం" అన్నాను. అచ్చం మీ గొంతుతోనే వచ్చింది సార్, నాకే భయమేసింది.

"మరి మీ ఓనర్ ముక్కు ఏ దిక్కుకున్నది?"

క్షమించాలి. అన్నది వాడు. నేను నవ్వానంతే.

చివరికి ఆ చిమ్నీ గొట్టాలే రెండు కలిపి అతికించి, ఫ్యాన్ మూతికి టేపు చుట్టి చుట్టి బిగించి, పడగ్గది అటక మీదుగా, వంటిల్లు దాటించి, వాయవ్యంలో తేల్చాం. మీరూ వచ్చి చూశారు. "భేష్" అన్నారు. ఆ భేష్ విని వారం రోజులు నేలమీద నడవలేదు నేను.

ఫ్యాన్ విమానంలా మోగేది. అంత చప్పుడు చేస్తోందంటే పని జరుగుతోందనే అనుకున్నాం. మా ఆఫీసులో అలవాటు మరి!

ఆవిరి దారిలోనే చల్లబడుతుందనీ, నీళ్ళయి గొట్టం కడుపులో నిలుస్తుందనీ నాకు తట్టలేదు. మీకు తట్టాల్సింది సార్. ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పిన పాఠమే కదా. పోనీలెండి.

అటక మీద సూట్‌కేసుల వెనక గొట్టం జారి, అతుకు వదిలేసింది. కారినదంతా అక్కడే ఇంకింది. "గది ముక్కిన వాసనొస్తోందండీ" అని తను అంటూనే ఉంది. "నీ ముక్కుకి అన్నీ వాసనలే" అన్నాను నేను. తనని ఆస్పత్రిలో చేర్చాక పెట్టెలు దించి చూస్తే, గోడంతా నల్ల మఖమల్ గుడ్డ పరిచినట్టుంది. సరిగ్గా తన తలగడకి పైన.

ముందే చెప్పాల్సిందా? చెప్పాను సార్. మీకు వినపడేంత గట్టిగా చెప్పలేదు, అంతే.

ఊపిరితిత్తుల్లో గట్టిపడిన భాగం ఇక మెత్తబడదట. ఇకనుంచి ఆక్సిజన్ మిషన్ మంచం పక్కనే ఉండాలట. ఎక్కడికైనా తీసుకెళ్ళండి గానీ మళ్ళీ ఆ ఇంటికి మాత్రం వద్దన్నాడు డాక్టరు. మల్కాజ్‌గిరిలో సుధామయి వాళ్ళక్క వైదేహి గారింట్లో ఓ గది ఖాళీ చేయించారు. ఆదివారం సామాను తీసేస్తాం.

ఇంకోటుంది సార్. నిన్న మీరు విద్యానగర్ వెళ్ళినప్పుడు మేస్త్రీ బిక్షపతిని పిలిపించి, ఆ ఈశాన్యం గోడకి కన్నం కొట్టించాను.

అయ్యో, ఆగిపోయారేం? కూర్చుంటారా, ఇక్కడ బెంచీ ఉంది.

డాక్టరు వద్దన్నాకే కొట్టించాను. ఇక మాకు అక్కర్లేదని తెలిశాకే. బిక్షపతి కూడా అడిగాడు, "ఖాళీ చేస్తున్నరట గద సార్, ఇప్పుడెందుకు?" అని. "కొట్టవయ్యా" అన్నాను. ఫ్యాన్ అందులో బిగించి, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, ఒక్కణ్ణే నిలబడి చూశాను. అద్దం మీద పట్టిన ఆవిరి అలా విడిపోయింది. కాస్సేపట్లో నా మొహం నాకు కనబడింది. చూడబుద్ధి కాక బయటికొచ్చేశాను.

అంత చిన్న పని సార్ అది.

మూయించుకుంటారా, మీ ఇష్టం. మూయించకపోతే టులెట్ బోర్డు మీద 'గాలి బాగా ఆడుతుంది' అని రాయించండి. అద్దె కూడా కాస్త పెంచుకోవచ్చు.