పాలబండ గాలిమోటరు

సభకు అధ్యక్షత వహిస్తున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయులు చెన్నయ్య గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసి, నేనేం మాట్లాడతానోనని అప్పుడే కండువా సర్దుకుంటున్న ప్రముఖ రచయిత విఠల్ రావు గారికి, ముందు వరుసల్లోని పెద్దలకు, వెనక వరుసల్లో ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చున్న అశోక్ నగర్ హాస్టళ్ల మిత్రులకు, పాలమూరు జిల్లా పాలబండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కురుమమ్మకు, ఆమె కొడుకు బీరయ్యకు, మీ అందరికీ నర్మద నమస్కారాలు.

ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు పురావస్తు శాఖలో నా ఉద్యోగం గురించి చెబుతుంటే, ఈ నర్మద ఎవరో గాని చాలా గొప్ప మనిషిలా ఉందే, ఒకసారి చూస్తే బాగుండునని నాకే అనిపించింది. (నవ్వులు) రిటైరై ఇంకా వారం కాలేదు, అప్పుడే నా మీద అబద్ధపు చరిత్ర మొదలైపోయింది. అందుకే, నేను బతికుండగానే జరిగింది జరిగినట్టు చెప్పి వెళ్దామనుకుంటున్నాను. నిర్వాహకులు నా చెవిలో "మేడం, ఈ ఒక్కరోజు గొడవ వద్దు" అన్నారు. గొడవేమీ లేదు. ముఖ్య అతిథిగా విఠల్ రావు గారిని పిలుస్తున్నామని చెప్పినప్పుడు కూడా నేను గొడవ పెట్టలేదు. ఆయన వస్తే హాలు నిండుతుందన్నారు. నిండింది. నా ఒక్కదానికోసమైతే మీరింతమంది చిక్కడపల్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చేవాళ్లు కాదని నాకు తెలుసు.

విఠల్ రావు గారు రచయితగా మీకందరికీ తెలుసు. ఇంటి ఓనరుగా నాకొక్కదానికే తెలుసు. అశోక్ నగర్‌లో ఆయన ఇంట్లో కింది వాటాలో చాలా ఏళ్లు కిరాయికున్నాం. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనిషి మంచివారు, మాట తియ్యన, నీళ్ల మోటరు దగ్గర తప్ప ఎక్కడా కోపం రాదు. సాయంత్రం మేడమీద కుర్చీ వేసుకుని కథ మొదలుపెడితే, కింద కూరగాయల బండివాడు బేరం మరిచిపోయి తల పైకెత్తి వినేవాడు. అంత చక్కగా చెప్పే మనిషి కథలే రాసి ఉంటే నేను మొదటి అభిమానిని అయ్యేదాన్ని. ఆయన చరిత్ర రాశారు. (నవ్వులు. విఠల్ రావు గారు కూడా నవ్వారు.)

పాలబండ అనే ఊరి చివర రాతి మండపం ఒకటుంది. చిన్నది. నాలుగు స్తంభాలు, పైకప్పులో రాతి పద్మం, ఒక స్తంభం మీద శాసనం. ఊరివాళ్లు గుడి అంటారు. అందులో దేవుడు లేడు, ఎప్పుడూ ఉన్నట్టు ఆనవాలూ లేదు. శాసనంలో పైకి కనబడే వరుసలు నేను చదివాను. ఆకలి కాలంలో ఆ ఊరి ఆడమనిషి ఒకామె తన గాదెలోని ధాన్యం పనివాళ్లకు పెట్టి, దారిన పోయేవాళ్లకు నీడ, నీళ్లు దొరకాలని ఆ మండపం కట్టించిందట. ఆమె పేరున్న వరుస కిందికి ఉంది. కాలక్రమంలో పూడిన మట్టిలోకి, నేలరాళ్ల కిందికి పోయింది. అనుమతి రాగానే పైపైన మట్టి తీసి, తడికాగితం అద్ది అచ్చు తీసుకుందామని నా ఆశ.

ఈలోగా విఠల్ రావు గారి సీరియల్ ఒక వారపత్రికలో మొదలైంది. ఆయన లెక్క ప్రకారం పాలబండ మండపం పన్నెండు వేల ఏళ్ల కిందటిది. గుడీ కాదు, మండపమూ కాదు, విమానాల షెడ్డు. పైకప్పులో పద్మం విమానం పంకా. రాళ్ల అంచున ఉన్న గుంటలు బోల్టులు బిగించిన చోట్లు. శాసనం భాష కాదట, వైరింగ్ పటమట. నేలరాళ్ల కింద గదిలో పాదరసంతో నడిచే ఇంజను ఇప్పటికీ భద్రంగా ఉందట. దీనంతటినీ కట్టింది మాత్రం పాలబండవాళ్లు కాదు, ఆకాశం నుంచి దిగిన వేరే జాతి.

మెట్ల మీద ఆయన్ని ఆపి అడిగాను. "సార్, పన్నెండు వేలని ఎట్లా తేల్చారు?"

"నర్మదమ్మా, జిందగీ అంతా లెక్కలు చెప్పినోణ్ణి, నాకు లెక్క రాదంటవా?"

"ఆ గుంటలు బోల్టులవి కావండీ. బండను చీల్చడానికి వరసగా గుంటలు తొలిచి మేకులు దిగ్గొడతారు. ఇవాళ ఏ క్వారీకి వెళ్లినా కనిపిస్తాయి."

"గదే నీ పరేషాన్. నీకు రాయి కనపడ్తది, నాకు మిషిను కనపడ్తది. ఇంతకూ మోటరు బంద్ చేసినవా?"

ఆ విషయం మీద ఇదే హాల్లో చర్చ కూడా పెట్టారు. నేను స్లయిడ్లు పట్టుకొచ్చాను, రెండో స్లయిడుకే ప్రొజెక్టర్ బల్బు పోయింది. ఆయన ఉత్త చేతులతో వచ్చారు, కరెంటు పోయినా కథకు ఇబ్బంది లేదు. చివర్లో సభలోంచి ఒకాయన లేచి, "మేడం, ఇంజను ఉందనడానికి రుజువు లేదంటున్నరు, లేదనడానికి మీ దగ్గర రుజువుందా?" అన్నాడు. చప్పట్లు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ఇప్పుడూ ఇక్కడే ఉన్నారు, ముఖాలు గుర్తే. (నవ్వులు)

అక్కడితో ఆగితే అది సరదా. ఆగలేదు. సీరియల్ పుస్తకమైంది, పుస్తకం పట్టుకుని ఆదివారాలు జనం పాలబండకు బయల్దేరారు. ఫొటోలో బాగా పడాలని శాసనం అక్షరాల్లో తెల్ల పెయింటు నింపారు. ఆకాశజాతి రాయి ఇంట్లో ఉంటే మంచిదని ఎవరో అన్నారట, సుత్తితో అంచులు రాలగొట్టి జేబుల్లో వేసుకెళ్లారు. ఈ కట్టడానికి హాని చేయువారు శిక్షార్హులు అని మేము పెట్టిన బోర్డుకు టిఫిను సంచులు తగిలించుకున్నారు. ఫిర్యాదులు రాశాను, ఊరివాళ్లను కాపలా ఉండమన్నాను. కాపలా ఉన్న కురుమమ్మకు యాత్రికులే పుస్తకం చూపించి, మీ గుడి గురించి మీకేం తెలుసని పాఠం చెప్పారు.

ఒక ఆదివారం పొద్దున బీరయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. అశోక్ నగర్‌లోనే ఒక అపార్ట్‌మెంటు పనిలో తాపీ మేస్త్రీగా ఉండేవాడు. "మేడం, జర జల్ది రాండ్రి. మా అవ్వ కబురు వంపింది. పట్నం పోరగాండ్లు గడ్డపారలు వట్టుకొని గుడి తవ్వుతున్నరంట" అన్నాడు. పోలీసులకు ఫోన్ చేసి, ఇద్దరం దొరికిన బస్సెక్కాం. మేము చేరేసరికి పోలీసులింకా రాలేదు, మండపంలో నేలరాళ్లు కొన్ని లేచిపోయి ఉన్నాయి. స్తంభం పక్కనే గొయ్యి. గోతిలో క్రాంతికుమార్ అనే కుర్రాడు, గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నవాడు, మన హాస్టళ్లవాడే, నడుము లోతున దిగి ఉన్నాడు. పైన అతని స్నేహితుల ఈలలు.

కురుమమ్మ వాళ్ల ముందు నిలబడి అరుస్తోంది. "ఓ బిడ్డా, మా ఊర్ల గాలిమోటరే ఉంటే, మేము బస్సు కోసం గింత దూరం రోడ్డు మీదికి నడుస్తుంటిమా? బయటికి రా నాయనా!"

మీకో విషయం చెప్పాలి. ఆ కాలంవాళ్లు ఇలాంటి కట్టడాలకు పునాది గోతిలో ఇసుక దట్టించి, దాని మీద రాళ్లు నిలబెట్టేవారు. ఇసుక కదలకుండా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుంది. పక్కనుంచి దారి తెరిస్తే జారిపోతుంది. నేను పరుగెత్తుతుండగానే గోతిలో ఇసుక జారడం మొదలైంది. క్రాంతికుమార్ పైకి చూసి, "అరే, ఇసుక లోపలికి పోతున్నది! కింద రూమున్నదిరా!" అని కేక పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలోనే స్తంభం ఒరిగింది. పైనున్న దూలం ఒక కొస జారింది. పద్మం ముక్కలై నేలమీద పడింది. దుమ్ము తగ్గాక చూస్తే క్రాంతికుమార్ మోకాలి మీద రాయి ఉంది. ఈలలు వేసినవాళ్లు సగం మంది రోడ్డెక్కేశారు. బీరయ్య, ఊరివాళ్లు గడ్డపారలతో రాయి లేపారు, అవే గడ్డపారలతో. కురుమమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని, "కదలకు బిడ్డా, ఏం గాదు, నేనున్న గద" అంటూ కొంగుతో ముఖం తుడుస్తూనే ఉంది. తన ఊరి గుడి కూల్చినవాడని ఆమెకు ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు.

క్రాంతికుమార్ ఆసుపత్రిలో ఉండగానే అతని పరీక్ష అయిపోయింది. చూడ్డానికి వెళ్లినప్పుడు గోడవైపు తిరిగి అడిగాడు. "మేడం, మీరు చెప్పేదే నిజమైతే గింత చప్పగ ఎందుకుంటది? మాది గూడ పాలమూరే. సారు పుస్తకం చదివినంక, మా దిక్కు గూడ ఓ గొప్ప చరిత్ర ఉన్నదనిపిచ్చింది. అందుకే పోయిన."

నాకు కోపమంతా పోయింది. శాసనంలో నేను చదివిన వరుసలు అతనికి చెప్పాను. ఆకలి కాలం, ధాన్యం, దారిన పోయేవాళ్లకు నీళ్లు. "ఇది కట్టింది ఆకాశంవాళ్లు కాదు, మీవాళ్లే. తమకే తిండి లేని రోజుల్లో ఇతరుల దాహం గురించి ఆలోచించినవాళ్లు. ఆ పుస్తకం మీకు గొప్ప చరిత్ర ఇవ్వలేదు నాయనా, ఉన్నదాన్ని లాక్కుని వేరేవాళ్లకు ఇచ్చింది" అన్నాను. అతను గోడవైపు నుంచి నావైపు తిరిగాడు. తర్వాత మెల్లగా, "ఆమె పేరేంది మేడం?" అన్నాడు.

పేరు లేదు. వాళ్లు తవ్విన ఆ పొద్దునే పేరున్న వరుస మట్టిలోంచి బయటపడింది, అదే పొద్దున అభిమానులెవరో వైరింగ్ ముక్కలని దాన్ని ఉలితో చెక్కి తీసుకుపోయారు. అన్ని వందల ఏళ్లు మట్టి దాచిపెట్టిన పేరు వెలుగు చూసింది ఒక్క పూట.

ఆ వారం నీళ్ల మోటరు గొడవ మీద పైకి వెళ్లాను. విఠల్ రావు గారి టీవీ మీద, కాగితాలు ఎగరకుండా ఒక రాతి ముక్క పెట్టి ఉంది. దాని మీద పాత లిపిలో "వ్వ" అనే అక్షరం.

"ఇది ఎక్కడిది సార్?"

"మా అభిమాని తెచ్చిచ్చిండమ్మా. జర చూడు, ఎంత సాఫ్‌గ వచ్చిందో సర్క్యూటు!"

చీర కొంగులో చుట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను. ఆయన మోటరు గురించి అరిచిన దానికన్నా గట్టిగా అరిచారు. ఇల్లు ఖాళీ చేయమన్నారు, చేశాం. అందుకు నాకేమీ బాధ లేదు, విద్యానగర్ ఇంట్లో నీళ్లు రెండు పూటలా వస్తాయి. (నవ్వులు) తర్వాతి ముద్రణలో మాత్రం, ఇంజను బయటపడే సమయానికి ప్రభుత్వమే మండపాన్ని కూల్చిందని కొత్త అధ్యాయం చేర్చారు. అది చదివి నేను ఏడ్చాను. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మండపాన్ని విప్పి, రాళ్లకు గుర్తులు రాసి, పునాదిలో మళ్లీ ఇసుక దట్టించి, ఒక్కొక్కటే నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది. బీరయ్య పట్నం పని మానుకుని మాతో ఉన్నాడు. పద్మాన్ని అతికించాం, అతుకులు కనబడతాయి, దాచలేదు. శాసనంలో ఆ ముక్కను దాని చోట పెట్టిన రోజు ఊరంతా వచ్చింది. అంతవరకే తెలిసింది, ఆమె పేరు చివర "వ్వ" అని. ముందు అక్షరాలు దొరకలేదమ్మా అని నేను నొచ్చుకుంటుంటే కురుమమ్మ అంది, "ముందట్ది పోతే పోయె బిడ్డా, అవ్వయితే దొరికె గద."

ఇక చివరి ముచ్చట. విఠల్ రావు గారు పాలబండ మీద అన్ని పేజీలు రాశారు గాని పాలబండకు ఎన్నడూ పోలేదు. ఆయనకు బస్సు పడదు, వాంతులవుతాయి. (నవ్వులు) పోయిన చలికాలం క్రాంతికుమార్ ఆయన ఇంటికి వెళ్లి చేతికర్ర గోడకు ఆనించి, "సార్, ఒక్కసారి నాతోని రాండి" అన్నాడు. ఆ కర్రను చూసి ఆయన కాదనలేకపోయారు. ముగ్గురం వెళ్లాం. ఆయన మండపంలో నిలబడి, తల పైకెత్తి పద్మాన్ని చూసి, స్తంభాన్ని తాకి అన్నారు, "ఇంత చిన్నదా?"

కురుమమ్మ పక్కనే ఉంది. "మాకు సరిపోయింది సారూ" అని చెంబుతో నీళ్లిచ్చింది.

తిరుగు బస్సెక్కాం. నారాయణగూడ చౌరస్తాలో దిగాక నా చేయి పట్టుకుని, "నర్మదమ్మా, పుస్తకం మారుస్త" అన్నారు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. కొత్త ముద్రణ పోయిన వారమే వచ్చింది, కోఠిలో కొన్నాను, శ్రద్ధగా చదివాను. ఆయన మాట తప్పలేదు. మార్చారు. పాలబండ విమానం ఇంతకుముందు అనుకున్నంత పెద్దది కాదట, ఇద్దరు కూర్చునేదట. (పెద్దగా నవ్వులు. విఠల్ రావు గారు తల దించుకున్నారు.)

నవ్వకండి. ఆయన ఆ స్తంభాన్ని తాకినప్పుడు ముఖం నేను చూశాను. అబద్ధం ఎంత అమ్ముడుపోతే, దాన్ని వదులుకోవడం ఆ మనిషికి అంత కష్టం. మనం కొన్నాం కాబట్టే ఆయన రాశారు. ఇది ఆయన ఒక్కరితో అయిపోయే సంగతి కాదు, రేపు ఇంకో ఊరి రాళ్ల మీద ఇంకొకరు రాస్తారు, ఆ రాళ్లకు నోరు లేదు.

క్రాంతికుమార్ ఇప్పుడు అశోక్ నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెబుతున్నాడు. రేపు ఆదివారం తన విద్యార్థులను పాలబండకు తీసుకెళ్తున్నాడు. గడ్డపారలు లేవు, నేను కనుక్కున్నాను. విఠల్ రావు గారూ, బస్సులో ముందు సీటు, కిటికీ పక్కన, మీ కోసం ఆపి ఉంచాం. నిమ్మకాయలు నేను తెస్తాను. అక్కడ ఈసారి కురుమమ్మ చెబుతుంది, మీరు వినండి. ఆమె కథ కూడా బాగానే చెబుతుంది. మీరు రాస్తే, మొదటి ప్రతి నేనే కొంటాను.

నన్ను ఇంతకాలం భరించిన నా సహోద్యోగులకు, సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, ఓపికగా విన్న మీకందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. వస్తారని ఎదురుచూస్తుంటాను సార్. సెలవు.