పెళ్ళిచూపుల కారులో వడగాలి

హలో… ఆ, భవానినే చిన్నాయనా. అర్ధవీడు నుంచి వాళ్ళని ఎక్కించుకున్నావా?… తర్లుపాడు దాటి ఆగిపోయినారా? ఏమైంది?…

ఏసీలో వేడిగాలి వస్తా ఉండాదా! పిల్లను చూపిస్తానని పిలిచి పెళ్ళికొడుకోళ్ళని దారిలోనే ఉడకబెడతా ఉండావే…

నవ్వడంల్యా, చెప్పు. ఎందుకు గుసగుసలు?… తుమ్మచెట్టు చాటుకి పోయి మాట్లాడుతుండావా?… వాళ్ళకేం చెప్పినావు నా గురించి?…

కుట్టుమిషన్ నేర్చుకుంటా ఉండాదనా! ఆరేళ్ళ నుంచి మార్కాపురంలో కార్ల ఏసీలు బాగుచేస్తా ఉండా. షెడ్డు మీద నా పేరు ఇంత లావున రాసి ఉండాది. దానికేం దుప్పటి కప్పుతావా?…

సరే, ముందు కారు సంగతి. బండి పోతా ఉంటే చల్లగా వస్తాదా?… కొంచెమొచ్చి, ఆపగానే వేడా?… గ్యాస్ అయిపోయిందని ఎవురన్నారు?… నువ్వేనా. మంచి డాక్టరువే.

బానెట్ ఎత్తు. స్పీకర్ పెట్టి ఫోను ఇంజిన్ కాడ పట్టుకో. ఎవురినన్నా ఏసీ వేయమను… వింటే విననీ! ఆ పెళ్ళికొడుకు అమ్మ, చెంచమ్మ గారు, ఎండకి సొమ్మసిల్లి పడేదానికన్నా నా గొంతు వినేదే మేలు…

ఆ, 'టక్'మనింది. కంప్రెసర్ బాగానే ఉండాది. ముందర ఫ్యాను?… తిరుగుతా ఉండాదా. అయితే గాలి పోయే దారి మూసుకుంది. దేని మీద తోలుకొచ్చినావు?… నిజం చెప్పు…

రోడ్డు మీద ఆరబోసిన సజ్జ మీదనా?… కిలోమీటరా! పాపం, ఆ రైతులు ఎన్ని తిట్టుకున్నారో. ఆ సజ్జ పొట్టు అంతా రేడియేటర్ ముందరుండే జాలీకి పట్టేసి ఉంటాది. వేడి బయటికి పోక మీ మొహాల మీదికే వస్తా ఉండాది.

ఇంజిన్ ఆపు… పుల్లతో గీకుతావా? వద్ద—

ఆగు. 'జాలీ రేకులు వంగిపోతాయి, వద్దు' అనిందెవరు?… పెళ్ళికొడుకు ప్రకాషా?… ఫోను ఆయనకియ్యి… ఇయ్యి చిన్నాయనా.

నమస్తే అండీ… అవును, నేనే… లేదండీ, కుట్టుమిషన్‌కి దారం ఎక్కించడం కూడా రాదు… మీకు రేకుల సంగతెట్ల తెలుసు?…

బోరు మోటార్లు రిపేరు చేస్తారా? మీది బ్యాంకు ఉద్యోగమని చిన్నాయన మాకు చెప్పినాడే!…

మీరు నవ్వొద్దండీ, నాకు ఆగదు…

సరే. బాటిల్ నీళ్ళు పైనుంచి మెల్లగా పోయండి. రుద్దొద్దు… ఆ, మీకు చెప్పాల్సిన పనిల్యా. లైన్లోనే ఉంటా…

పొట్టూ మట్టీ పోయినాక కూడా పోస్తానే ఉండండి…

ఇప్పుడు స్టార్ట్ చేయండి… చల్లగా వస్తా ఉండాదా?… అమ్మగారేమంటున్నారు?… 'ఒకే ఇంట్లో ఇద్దరు మెకానిక్కులైతే, పాడైపోయేదానికి సామాన్లు చాలవు' అంటున్నారా!

చిన్నాయన ఏడీ?… ఎవురి మొహమూ చూడకుండా స్టీరింగ్ పట్టుకొని కూచున్నాడా? గాలి ఆయన మీదికే తిప్పండి, ఇంకా ఆవిర్లొస్తా ఉంటాయి…

ఇంటికి కాదండీ, నేరుగా షెడ్డుకే రండి. ఆ జాలీని సరిగ్గా కడగాల… చీరా? కట్టుకోను. చూసేదానికే కదా వస్తుండారు, ఉన్నట్టే చూడండి…

చేతులు మట్టిగా ఉన్నాయా? తుడుచుకోవద్దండీ. నేనూ చూడాల కదా… ఆ. ఉంటా.