పన్నెండు గుండీల పంజరం

"రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గుడ్డముక్కల మూట మీద కూర్చోవచ్చు, కత్తెర పక్కన మాత్రం వద్దు. ఈ వేలికి కట్టేమిటనేగా అడిగారు? చిన్న సంగతే. మా అక్కయ్య చిలకని కార్లో ఐదువందల కిలోమీటర్లు తీసుకెళ్ళి అప్పగించి వచ్చాను, అంతే."

దర్జీ మిషను తొక్కుతూనే చుట్టూ చేరిన పిల్లలతో మాట్లాడుతున్నాడు. అరుగు చివర ఆయన బావమరిది, కారు డ్రైవరు, తన ప్యాంటు అంచు కుట్టడం ఎప్పటికవుతుందా అని తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

"మా బావగారు పోయాక అక్కయ్య కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, చిలక నా దగ్గర ఉండిపోయింది. అది అచ్చం బావగారి గొంతుతో 'ఏమోయ్, వింటున్నావా' అంటుంది. ఆ పిలుపు లేక అక్కయ్యకి ముద్ద దిగడం లేదని కబురొచ్చింది. దారిలో దానికి గాలి కొట్టనివ్వకురా అని ఒక్క మాట చెప్పింది. మనం ఊరుకుంటామా? కోటు గుడ్డ తీసి, లోపల అస్తరు వేసి, పంజరానికి తొడుగు కుట్టాను. పన్నెండు గుండీలు. దారప్పోగు దూరేంత సందు కూడా లేదు.

"మామూలు చిలకలైతే కారెక్కగానే కళ్ళు తేలేస్తాయి. మనది సూది నిలబెట్టినట్టు కూర్చుంది. యాభై కిలోమీటర్లు దాటాక దారి చెప్పడం మొదలుపెట్టింది. ఇదిగో, ఈ మహానుభావుడు మలుపు తప్పాడా, తొడుగు లోపలి నుంచే 'ఏమోయ్, ఎడమకి' అంది."

"తొడుగులోంచి దారెలా కనపడింది తాతయ్యా?" అంది ముందు కూర్చున్న పిల్ల.

"వాసన పట్టింది. అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా నది. వంతెన సగమే ఉంది. వెనక్కి పోదామంటే పెట్రోలు లేదు. చిలక ఒక్క కేక వేసింది, ఆకాశమంతా ఆకుపచ్చగా అయిపోయింది. నలభై వేల చిలకలు. కావాలంటే ఒకటి తగ్గించుకోండి, నాకేం పట్టింపు లేదు. నా సంచీలో దారం ఉండలు ఉండనే ఉన్నాయి. ఒక్కో చిలక కాలికి ఒక్కో పోగు ముడేసి, రెండో కొస కారుకి కట్టాను. కారు లేచింది."

"నలభై వేల ముళ్ళు వెయ్యడానికి ఎంతసేపు పట్టింది?"

"నీ గౌనుకి హుక్కులు కుట్టడానికి ఎంతసేపు పట్టింది నాకు?"

"మూడు వారాలు."

"అది తీరికమీద చేసిన పని, ఇది తొందర పని. సరే, నది మధ్యకొచ్చాం. అప్పుడొచ్చింది గద్ద. దాని నీడలో నదంతా చీకటైపోయింది. కిటికీలోంచి వంగి, పెద్ద సూదితో దాని ముక్కు కుట్టేశాను. మామూలు కుట్టు కాదు, గుండీ కన్నాల చుట్టూ వేసే కాజాకుట్టు. అది పోతూ పోతూ ఈ వేలు కొరికిపోయింది."

"ముక్కు కుట్టేశాక ఎలా కొరికింది తాతయ్యా?"

మిషను ఆగింది. దర్జీ దారం సరిచేసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"బావా, గద్ద కాదుగా. చెప్పెయ్యి," అన్నాడు డ్రైవరు.

"నీ ప్యాంటు రేపు ఇస్తాను."

"రేపే ఇవ్వు, నేను చెప్పేస్తాను." డ్రైవరు పిల్లల వైపు తిరిగాడు. వంద కిలోమీటర్లు పోయాక తొడుగులోంచి చప్పుడే లేదట. కారాపి చూస్తే, గాలి కొట్టకుండా కుట్టిన తొడుగులో గాలే ఆడటం లేదు. దర్జీ ఎంత లాగినా తను కుట్టిన గుండీలు తనకే ఊడిరాలేదు. కాయితం కూడా కొయ్యనివ్వని ఆ కత్తెరతోనే తొడుగుని నిలువునా కోసేశాడు. చిలక నోరు తెరుచుకుని అడుగున పడి ఉంది. రోడ్డు పక్కన నీడలో కూర్చుని, వేలు నీళ్ళలో ముంచి దాని ముక్కు దగ్గర ఒక్కో చుక్కా వదులుతూ, అక్కయ్యకి ఏం చెప్పను, ఏం చెప్పను అంటూ గంటసేపు అలాగే ఉన్నాడు.

"అప్పుడు కళ్ళు తెరిచి కొరికింది. రక్తం కారుతున్నా బావ వేలు తియ్యలేదు. 'ఇంకోసారి కొరుకు తల్లీ' అన్నాడు."

దర్జీ వేలి కట్టు తడుముకున్నాడు.

"మరి మీ అక్కయ్య?" అంది ఆ పిల్ల, మెల్లగా.

"తలుపు తీసింది. చిలక ఆ తర్వాత దారంతా మాట్లాడలేదు, గొంతు పోయిందేమోనని నా భయం. ఆమెని చూడగానే 'ఏమోయ్, వింటున్నావా' అంది. 'వింటున్నానండీ' అంది అక్కయ్య. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది." దర్జీ ముక్కు తుడుచుకుని, ప్యాంటు దులిపి బావమరిది ఒళ్ళోకి విసిరాడు. "ఇదిగో, ఎప్పుడో అయిపోయింది."

"మరి ఆ నలభై వేల చిలకలో?"

"పొద్దుపోయింది కదా, వాటి వాటి ఇళ్ళకి భోజనాలకి పోయాయి. మీరూ లేవండి. మీ అమ్మలు పిలవకముందే వెళ్ళి అన్నం తినండి."