శాంసన్ మీద రాసిన మాట

శామీర్‌పేట బస్టాపు. జీడిమెట్ల కంపెనీలో మంటలకు కొడుకు శాంసన్‌ను పోగొట్టుకున్న సాలోమోను, కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు రిపోర్టును తమ గౌడవెల్లి పిల్ల, లా చదువుతున్న ప్రణీతకు చూపిస్తున్నాడు.

“...గా మాట కాడ సూడు బిడ్డా. మా శాంసన్‌ను మెచ్చుకున్నరు.”

“కాకా, ఇది మెచ్చుకునుడు కాదు.”

“కాకపోవుడేంది? ‘బ్లైత్‌లీ’ అని రాసిండ్రు. పాస్టరుగారు డిక్షనరీల సూపిచ్చిండు, సంతోషంగ అని ఉన్నది. ఆదివారం చర్చిల నిలవడి చెప్పిన, మా పిల్లగాడు సంతోషంగ పని జేసుకుంటనే పోయిండని. అందరు ఆమెన్ అన్నరు.”

“ఎప్పటిది ఆ డిక్షనరీ?”

“పాతదే. వాళ్ల తాతదంట.”

“అప్పుడు దానికి గంతే అర్థం. సంతోషం, ఉల్లాసం. పోను పోను, పక్కన ఆపదున్నా పట్టకుండ హాయిగ ఉన్నోని గురించి అనుడు మొదలువెట్టిండ్రు. ఇప్పుడైతే సగం తిట్టే. ‘గ్యాస్ లీకైతాందని తెలిసి గూడ బేఫికర్‌గ వాల్వు తిప్పిండు’ అని రాసిండ్రు ఇండ్ల.”

“వాడు నవ్వు మొఖపోడు బిడ్డా. నవ్వుడు తప్పా?”

“నవ్వేటోనికి భయం లేదు, భయం లేనోడు జాగ్రత్త పడడు. గట్ల తిప్పిండ్రు. రేపు నువ్వు దీని మీద ఒప్పుకున్నట్టు సంతకం వెడితే తప్పు శాంసన్‌దే అయితది. పక్కన పనిజేస్తున్న భిక్షం సావు గూడ వాని మీదికే వస్తది.”

“భిక్షం పెండ్లాం మొన్న నా చెయ్యి వట్టుకొని ఏడ్శింది.”

“అందుకే అడుగుతున్న. లీకు సంగతి శాంసన్ ముందుగాల ఎవరికన్న చెప్పిండా? భయమైతాందని అన్నడా? విన్నోళ్లు ఒక్కరొచ్చి సాక్ష్యం చెప్తె చాలు, ఈ మాట కొట్టేపియ్యొచ్చు.”

“బస్సొస్తాంది.”

“అది కరీంనగర్ బస్సు. కాకా, ఎవరికన్న చెప్పిండా?”

“...చెప్పిండు.”

“ఎవరికి?”

“ఫ్యాక్టరీ పనంటె గివన్ని ఉండేటియే...”

“ఎవరికి కాకా?”

“నాకే. గా పొద్దుగాలనే. ఆడ మస్తు గ్యాస్ వాసనొస్తాంది నాయినా, భయమైతాంది, నేను పోనని గడప మీద కూసున్నడు.”

“నువ్వేమన్నవు?”

“సూడు, ఇంకో బస్సు...”

“నువ్వేమన్నవు కాకా?”

“మొఖం ఏలాడేసుకుంటే పనికెల్లి తీసేస్తరు, నవ్వుకుంట పో అని, గేటు దాంక నేనే బండి మీద దింపొచ్చిన.”