మెంతుల గంప

పత్తర్‌గట్టి వెనక ఒక మిద్దె మీద, పుష్యమాసపు ఎండలో, ఒక పెద్దావిడ బోర్లించిన బిందెకు కాగితం గుజ్జు మెత్తుతోంది. రెండేళ్ల మనవరాలు గోదా మోచేతుల దాకా గుజ్జు పూసుకుని పక్కనే కూర్చుంది. కూతురు విసవిసా మెట్లెక్కి వచ్చింది.

“అమ్మా, గుజ్జుల ఈ నీలం ముక్క ఏంది?”

“పాత కాగితాలు, పిడికెడు మెంతులు నానబెట్టి రుబ్బిన. పైస ఖర్చు లేదు. పిల్లకు ఆట, ఇంటికి గంప.”

“గంప సంగతి అడగలే. ఇది ఆయన ఉత్తరం! గుల్బర్గాల ఇల్లు దొరికింది, రమ్మంటె జవాబే లేదని ఇయ్యాల ఇంకోటి రాసిండు.”

“చలి తగ్గినంక చెప్దామనుకున్న.”

“రుబ్బినంక ఏం చెప్తవ్? నా బడి పుస్తకాలు చూసి నువ్వు చదువు నేర్చుకున్నది నా ఉత్తరాలు దాచేటందుకా?”

“నన్ను తిట్టు. పిల్ల ముందర లొల్లి చెయ్యకు.”

“చేస్త! నాకు రావాలని లేదేమోనని రాసిండు ఆయన. నా సంసారం గిట్ల రుబ్బుతవా? రేపు పొద్దున రైలుకే పోతున్నం.”

“రేపేనా? గంప ఆరనీకి మూడు దినాలు పడతది.”

“నువ్వే ఉంచుకో. నాకొద్దు.”

“ఉంచుకుంట. పిల్ల చెయ్యి ఒక్కసారి దీని మీద ఒత్తిపియ్యవే. ఎండినంక చెరగదు.”

“నేను ఒత్తిపియ్య.”

“సరే.”

“నువ్వే ఒత్తిపిచ్చుకో. రెండు చేతులూ. జల్దీ కానియ్యి, పిల్లకు నీళ్లు పొయ్యాలె.”